వద్దన్న పాలు

మా ఆయన దామోదరం పాండూరు పాల సొసైటీలో ఇరవై రెండేళ్ళుగా పాలు పరీక్ష చేసి పోయించుకుంటున్నాడు. ఎవరి క్యానులో చెంబెడు నీళ్ళు కలిసినా ఇట్టే పట్టేస్తాడు. తన కడుపు సంగతి మాత్రం తెలుసుకోలేకపోయాడు, మహానుభావుడు.

కిందటి ఆడి నెలలో మొదలైంది. కడుపు ఉబ్బడం, గుడగుడమనడం, బాత్రూముకు పరుగు. మనిషి సగమయ్యాడు. మా మామ, ఈయన నాయన, కడుపులో క్యాన్సరుతో పోయాడు. తనకూ అదే వచ్చిందని ఈయన లోలోపలే తేల్చేసుకున్నాడు. నాతో ఒక్క ముక్క అనలేదు. గ్యాస్ సిలిండర్ ఎట్లా మార్చాలో, బోరు మోటారు ఆగిపోతే ఏం చేయాలో ఊరికే నేర్పించడం మొదలుపెట్టాడు. తను పోయాక నేనొక్కదాన్నే చేసుకోవాలనేనని తర్వాత అర్థమైంది.

కారం మానేశాడు, పులుపు మానేశాడు, చివరికి అన్నమూ మానేశాడు. కడుపులో పుండుకు పాలే మందని మా ఇళ్ళల్లో అందరూ అనే మాట. నేనే కాచి, ఆర్చి, పూటకో పెద్ద గ్లాసు ఇచ్చాను. నొప్పి పెరిగితే ఇంకో గ్లాసు. నోట్లోంచి కడుపులోకి గొట్టం దింపి చూసే పరీక్ష అంటే చాలు, వణికేవాడు. చూడకపోతే లేకుండా పోతుందా అని తిట్టి తిరువళ్ళూరు బస్సెక్కించాను. దారి పొడవునా నా చెయ్యి వదల్లేదు. వదులుతాడేమోనని నాకూ భయమే.

గొట్టం వేసి చూస్తే పుండూ లేదు, గడ్డా లేదు. ఏం తింటున్నాడని డాక్టరమ్మ అడిగితే, పాలు తప్ప ఏమీ ముట్టడని గొప్పగా చెప్పాను. వయసు పెరిగాక కొందరికి పాలలోని చక్కెర అరగదట. రెండు వారాలు పాలు మానేసి చూడమంది.

పదో రోజుకు నొప్పి పోయింది. ఆ మధ్యాహ్నం రసం అన్నం మారు పెట్టించుకుని తిన్నాడు. గండం గడిచిందనుకున్నాను. ఈయన మాత్రం ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా అట్లాగే కూర్చున్నాడు.

"కోకిలా, నాయన చివర్లో పాలు వద్దని తల తిప్పుకునేవాడు గదా. తాగితే కడుపు పిండేస్తా ఉందిరా అన్నాడు. నేనే గెడ్డం పట్టుకొని తాగించినాను."

మామది వేరే జబ్బని, పాల వల్ల పోలేదని గట్టిగానే చెప్పాను.

"జబ్బు వేరేనే. ఆ నొప్పి?"

మామ మంచాన పడి ఉన్న ఆ మూడు నెలలూ పాలు కాచి ఈయన చేతికి అందించింది నేనే.