పసుపుపచ్చ అంగీకి మూడు మార్కులు

కాక పోయాడని సోమవారం పొద్దున ఆయన చిన్నకూతురు ఫోన్ చేసి చెప్పింది. తెల్లారి లేచి చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, మంచం మీద ఒరిగాడట. కాసేపటికి లేపితే లేవలేదట. నేనప్పుడు డ్యూటీకి పోయే బస్సు మెట్టు మీద ఉన్నాను. ఏడుపు రావాలి కదా, రాలేదు. ముందుగా ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది. ఇంట్లో పోయాడు, మంచం మీద పోయాడు, కూతురు పెట్టిన చాయ్ తాగి పోయాడు. ఎక్కడి నుంచీ పడలేదు, ఎవరినీ పడనివ్వలేదు. ఏడుపు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచినప్పుడు వచ్చింది.

చావు కబురు వింటే గుండె తేలికపడినవాడు ఎలాంటి మనిషని మీకు అనిపించవచ్చు. కాక గురించి నాలుగు మాటలు చెబితే గానీ అది మీకు అర్థం కాదు.

కాక నాకు చుట్టం కాదు. ఆయనది జగిత్యాల దిక్కు, నాది కామారెడ్డి దిక్కు. బహ్రెయిన్‌లో కర్జకాన్ దగ్గరి మా లేబర్ క్యాంపులో తెలుగువాళ్లందరికీ ఆయన కాకే. పనిలో పరంజాల పెద్ద. ఇనుప పైపులు నిలబెట్టి, క్లాంపులు బిగించి, పలకలు పరిచాక ఆయన వచ్చి తడిమి చూసి, ఎక్కొచ్చు అంటేనే ఎవరైనా ఎక్కాలి. ఊళ్లో మా వాళ్లు అరబ్బు దేశాలన్నిటినీ కలిపి దుబాయి అంటారు. ఆ మాట వింటే కాకకు ఎక్కడ లేని కోపం. పదకొండేళ్లు బహ్రెయిన్ ఎండలో మాడితే, పేరు మాత్రం దుబాయికా అని కస్సుమనేవాడు.

ఇక ఫుట్‌బాల్ సంగతి. మా వాళ్లలో నూటికి తొంభై మందికి క్రికెట్ పిచ్చి. కాక మాత్రం చిన్నప్పుడు మేనమామ ఇంట్లో, బొగ్గుబాయి కాలనీలో పెరిగాడు. అక్కడ ఆఫీసర్ల గ్రౌండులో ఫుట్‌బాల్ నేర్చుకున్నాడు. క్యాంపులో మలయాళీలకు, నేపాలీలకు, బెంగాలీలకు టీములు ఉండి మనకు లేకపోవడమేంటని పట్టుబట్టి, పదకొండు మందిని పోగేశాడు. అందులో సగం మందికి అప్పటిదాకా బంతిని కాలితో తన్నడం తెలియదు. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

శుక్రవారం సాయంత్రం క్యాంపు వెనక ఇసుక నేల మీద ఆట. కాక ఆడేవాడు కాదు, గీత బయట బోర్లించిన బకెట్ మీద కూర్చునేవాడు. ఆట అయ్యాక మేము తడిసిన అంగీలు విప్పి గోడ మీద ఆరేసి, బనియన్లతో ఆయన ముందు కూలబడేవాళ్లం. అప్పుడు మార్కులు. అందరికీ కాదు, ముందు ఆడే నలుగురికి మాత్రమే, పదికి. వెనక ఆడేవాళ్లకు, గోలు కాసే గోలీకి ఎందుకు వేయవని అడిగితే ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"వాళ్ల తప్పు ఊరందరికి కనవడ్తది. ముందు ఆడేటోని తప్పు గోలు కింద దాగుతది."

గోలు కొట్టినందుకు మార్కులు ఉండేవి కావు. బంతి మన దగ్గర లేనప్పుడు ఏం చేశాం, ఎవరికి దారి వదిలాం, అవతలివాణ్ణి ఎటు లాక్కుపోయాం, ఇవీ ఆయన చూసేవి. రెండు గోల్స్ కొట్టి ఎగిరెగిరి పడ్డ రోజు నాకు నాలుగు వచ్చాయి. ఎంత బాగా ఆడినా ఎనిమిది దాటేది లేదు. తొమ్మిది ఇస్తే వచ్చే వారం కాలు నేల మీద ఆనదని ఆయన లెక్క. సెలవు రోజు ఉమ్మ్ అల్ హస్సామ్ బజారులో చాయ్ తాగుతూ కూడా మేము ఆ మార్కుల గురించే కొట్లాడుకునేవాళ్లం. చదువుకునే రోజుల్లో మార్కులకు ఇంత విలువ ఇచ్చి ఉంటే ఇక్కడికి వచ్చేవాళ్లమే కాదని మా వంటాయన దెప్పేవాడు.

మాకు యూనిఫారం లేదు. ఎవరి అంగీ వాళ్లది. నాది నిమ్మపండులా మెరిసే పసుపుపచ్చ. ఎడమ పక్క ఆడే నిర్మల్ అన్నది ఎరుపు. పాపం ఆ అన్నకు మూడు వారాలుగా ఒక్క గోలూ పడలేదు. నాకేమో వరసగా రెండు వారాలు పడ్డాయి. నా ఆటలో ఏమీ లేదని, అంగీ అచ్చొచ్చిందని ఆయన నమ్మకం. ఒక్క ఆటకు ఇమ్మని బతిమాలితే సరేనని ఇచ్చి, ఆయన ఎర్ర అంగీ నేను తొడుక్కున్నాను.

ఆ రోజు నేపాలీలతో ఆట. పసుపుపచ్చ అంగీ మహిమతో నిర్మల్ అన్న దొరికిన ప్రతి బంతినీ గోలు వైపు తన్నాడు. ఒక్కటి లోపలికి పోలేదు. ఒకటి పక్క క్యాంపు నీళ్ల ట్యాంకు మీద పడింది. నేను మాత్రం, నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ, ఒళ్లు దాచుకోకుండా ఆడాను. గెలిపించిన గోలుకు బంతి అందించింది నేనే. ఇవాళ ఎనిమిది ఖాయమని బనియన్‌తో కాక ముందు దర్జాగా కూర్చున్నాను.

నాకు మూడు వచ్చాయి. బంతి కాలికి తగిలితే కండ్లు నెత్తికెక్కినయని, పక్కన మనుషులున్న సంగతే మరిచినవని అందరి ముందూ కడిగేశాడు. నిర్మల్ అన్నకు ఎనిమిది ఇచ్చి, ఇయ్యాల ఆట నేర్చినవని మెచ్చుకున్నాడు. అన్న నా వైపు ఒకసారి చూసి, తల వంచుకుని, దొరికిన ఎనిమిదిని కిక్కురుమనకుండా జేబులో వేసుకున్నాడు. మిగిలినవాళ్లు తెల్లమొహాలు వేశారు గానీ, కాక అన్నాడంటే మనకు తెలియనిదేదో ఉంటుందని ఊరుకున్నారు.

నాకు ముక్కు మీద కోపం. నాలుగు రోజులు కాకతో మాట్లాడలేదు. ఆయన చాయ్ తాగుదాం రమ్మని కబురు పెట్టినా పోలేదు.

బుధవారం జుఫైర్‌లో, సముద్రం పక్కన లేస్తున్న బిల్డింగు దగ్గర పని. కాక కొత్త పరంజా దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు. నేను పైపు భుజాన వేసుకుని వెళ్లి, సరిగ్గా ఆయన ఎదురుగా, నాలుగడుగుల దూరంలో ఆగాను. పలకరిస్తే పలకకూడదని ముఖం ముడుచుకుని తయారుగా ఉన్నాను. ఆయన పలకరించలేదు. నా వైపే చూస్తున్నాడు, ముఖంలో ఏమీ లేదు. ఓహో, ఈయనకూ కోపమే అనుకున్నాను. ఇంతలో సిమెంటు దుమ్ముకు దగ్గు వచ్చింది.

"ఎవలు అది?" అన్నాడు కాక. మళ్లీ దగ్గగానే ఆయన ముఖం విచ్చుకుంది. "నువ్వా బిడ్డా. కోపం పోయిందా?"

పైపు అలాగే భుజం మీద ఉంది, అన్నీ ఒకటొకటిగా అర్థమవుతున్నాయి. శుక్రవారం ఆయన మార్కులు వేసింది నాకు కాదు, నా అంగీకి. దూరం నుంచి రంగును బట్టి, దగ్గర నుంచి గొంతును బట్టి మమ్మల్ని గుర్తుపడుతున్నాడు. ప్రతి క్లాంపునూ వేళ్లతో తడిమి చూస్తుంటే అది ఎంత శ్రద్ధ అని మేమంతా మురిసిపోయాం. అది శ్రద్ధే, కానీ ఆయనకు వేరే దారి కూడా లేదు. ఇక మరుసటి రోజు పొద్దున ఆ కొత్త పరంజా ఎక్కి ప్లాస్టరింగ్ మొదలుపెట్టడానికి పదిహేను మంది సిద్ధంగా ఉన్నారు.

ఆ మధ్యాహ్నమంతా అదే ఆలోచన. చెబితే కాక ఉద్యోగం ఖలాస్. కళ్లు కనపడని మనిషిని కంపెనీ ఒక్క రోజు కూడా ఉంచుకోదు. ఆయన చిన్నకూతురు నర్సు చదువు ఇంకా ఒక ఏడాది ఉంది. చెప్పకపోతే, ఎవరి తల్లి ఏడవాల్సి వస్తుందో తెలియదు. ఇంజనీరు గది దాకా రెండుసార్లు పోయి వెనక్కి వచ్చాను. చివరికి సాయంత్రం బస్సులో కాక పక్కన కూర్చున్నాను.

"కాకా, మొన్న పసుపుపచ్చ అంగీల ఉన్నది నేను కాదు. నిర్మల్ అన్న."

కాక కిటికీ వైపు తిరిగాడు.

"ఎవలకన్న చెప్పినవా?" అన్నాడు.

"లేదు."

"ఎందుకు చెప్పలే?"

"నిన్ను ఇంటికి పంపుతరని."

"చెప్పకుంటే ఏమైతది?"

ఆయనే చెప్పాడు. "ఎవడో ఒకడు పడ్తడు. రోజు పొద్దుగాల ఇదే అనుకుంట బస్సు ఎక్కుత బిడ్డా. అనుకునుడే గని, నోరు రాలే. రేపు నేనే చెప్త. నువ్వు పక్కన నిలబడు."

నిలబడ్డాను. మర్నాడు పొద్దున, పరంజా ఎవరినీ ఎక్కనివ్వొద్దని, తనకు కళ్లు సరిగ్గా కనపడటం లేదని కాక ఇంజనీరుకు హిందీలో చెప్పాడు. ఇంజనీరు ఇద్దరిని పంపి పరంజా మొత్తం మళ్లీ చూపించాడు. వందల క్లాంపులు, అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఒక్కటి తప్ప. నాలుగో వరసలో, సముద్రం వైపు, ఒక క్లాంపు బిగిసినట్టే బిగిసి జారుతోంది. ఆ మాట వినగానే కాక తనను పైకి తీసుకుపొమ్మన్నాడు. నేను బెల్టు తగిలించి, చేయి పట్టి ఎక్కించాను. ఆ క్లాంపును వేళ్లతో చుట్టూ తడిమాడు. తర్వాత పానా అడిగి తీసుకుని తనే బిగించాడు. కిందికి దిగాక, ఒక్కటైనా ఒక్కటే గదా అన్నాడు, నాతో కాదు, తనలో తనే.

అదృష్టం ఏమిటంటే ఇంజనీరు మంచివాడు. తనంతట తానే వచ్చి చెప్పిన మనిషిని వెళ్లగొట్టలేనని, ఊరికి పోయి ఆపరేషన్ చేయించుకు రమ్మని సెలవు ఇప్పించాడు. కళ్లలో శుక్లాలు, రెండు వైపులా. అయితే సెలవని పంపి వీసా రద్దు చేసిన కథలు మాకు చాలా తెలుసు. నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేదని క్యాంపులో కొందరు నా ముఖం మీదే అన్నారు. నిర్మల్ అన్న మాత్రం, ఆ పరంజా ఎక్కాల్సిన పదిహేను మందిలో తానూ ఉన్నానని వాళ్లకు గుర్తుచేసి నోరు మూయించాడు. అయినా కాక లేని రెండున్నర నెలలు నాకు ఒకటే బెంగ. కాక ఇక రాకపోతే ఆ పాపం నాదేనని అనిపించేది.

కాక వచ్చాడు. ఆ తర్వాత నాలుగేళ్లు పని చేశాడు. కూతురు నర్సు అయింది. పోయిన ఏడాది తన ఇష్టంతోనే పని మానుకుని, మా అందరి చేత సామాను మోయించుకుని ఊరికి వెళ్లాడు. కళ్లు బాగయ్యాక కూడా ప్రతి క్లాంపునూ ముందు చేత్తో తడిమి, తర్వాతే కంటితో చూసేవాడు. చేతికి అబద్ధం తెలవదు, కన్ను అప్పుడప్పుడు దొంగది అనేవాడు. పాత శుక్రవారం మార్కులు కూడా సరిదిద్దాడు. నిర్మల్ అన్నకు మూడు. నాకు ఎనిమిది కాదు, ఏడు. అదేంటి కాకా అంటే, నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు కదా, దానికి ఒకటి కోత అన్నాడు. న్యాయమే.

మార్కులు దిద్దింది ఆట తర్వాత. నాకు మాత్రం సోమవారం నుంచీ అదే సాయంత్రం, ఆట మొదలుకాక ముందు జరిగింది పదే పదే కళ్ల ముందు ఆడుతోంది. ఊరి నుంచి ఆ మధ్యాహ్నమే దిగాడు, తిరిగి వచ్చాక అది ఆయనకు మొదటి శుక్రవారం. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి, ముందు ఆడే నలుగురినీ వరసగా నిలబడమన్నాడు. మొదటి ఇద్దరూ నాకంటే పాతవాళ్లు, చూడగానే పేర్లు పెట్టి పిలిచి, ముసలోళ్లయిన్రని ఆటపట్టించాడు. నిర్మల్ అన్నను చూసి మీసం ఎప్పుడు తీసినవని అడిగాడు. తర్వాత నా ముందుకు వచ్చి ఆగాడు. నేను క్యాంపుకు వచ్చేసరికే ఆయన చూపు మందగించిందని నాకు అప్పటిదాకా తట్టలేదు. రెండేళ్లు ఒక బస్సులో తిరిగాం, ఒక గిన్నెలో తిన్నాం. ఆయన నా ముఖం వెతుకుతున్నట్టు చూశాడు. కళ్లద్దాలు తీసి, అంగీ కొసతో తుడిచి, మళ్లీ చూశాడు.

"జర మాట్లాడు," అన్నాడు మెల్లగా.

"ఏం మాట్లాడాలె కాకా?" అన్నాను.

కాక రెండు చేతులతో నా చెంపలు పట్టుకున్నాడు. "నువ్వు గిట్ల ఉంటవా బిడ్డా," అన్నాడు. అవతల నేపాలీలు ఆట మొదలుపెట్టమని కేకలు వేస్తున్నారు. ఆయన చేతులు తీయలేదు.