కత్తెర పెట్టలేని ప్యాకెట్

2022 వేసవి. కడపలో ఒక ఫ్లెక్స్ ప్రింటింగ్ అంగడి పైన, రేకుల గదిలో నా డిజైన్ ఆఫీసు ఉండేది. కింద మిషన్ తిరిగితే పైన నా టేబుల్ వణికేది. చదివింది గ్రాఫిక్ డిజైన్, చేస్తున్నది పుట్టినరోజు ఫ్లెక్సులు. నాయకుడి ముఖం పెద్దగా, కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ ముఖాలు వరసగా. నా తల ఫలానా వాడి తలకంటే చిన్నదైందేమని ఫోన్లు వచ్చేవి. చిన్నప్పుడు మా నాన్న నన్ను హేతువాద సభలకు వెంట తీసుకుపోయేవాడు. ప్రశ్న వేయకుండా ఏ మాటనూ ఒప్పుకోకూడదని అక్కడ నేర్చుకున్నాను. ఆ చదువంతా తలల సైజులు సర్దడానికేనా అనిపించి, ఈ పని వదిలేద్దామా అని ఆలోచిస్తున్న రోజులవి.

అప్పుడు రామలక్ష్మమ్మ వచ్చింది. మైదుకూరు దగ్గర పల్లె ఆమెది. భర్త పోయాక కూలికి పోతూ, చివరికి సొంతంగా పిండిమర పెట్టుకుంది. ఊరి గిరాకీ ఒక్కదానితో మర నడవడం లేదు. కర్నూలులో పెద్ద కిరాణా అంగడాయన ఒకరు, ప్యాకెట్ చూడటానికి బాగుంటే ఆమె జొన్నపిండి తన షెల్ఫులో పెడతానన్నాడట. ఆయన కాదంటే మర అమ్మేసి మళ్ళీ కూలికి పోవడమే. ఆ సంగతి ఆమె ఏడుపు లేకుండా, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

వెంట వచ్చిన మరిది ఓబులేసు మాత్రం ప్యాకెట్ ఎట్లా ఉండాలో తేల్చుకునే వచ్చాడు. ముందువైపు నిండా అహోబిలం నరసింహస్వామి. కింద పెద్ద అక్షరాల్లో ‘షుగర్ జబ్బు మాయం’.

మా పనిలో మొదట బ్రీఫ్ తీసుకుంటాం. అంటే, సరుకు ఏమిటి, ఎవరు కొంటారు, ఎందుకు కొనాలి అన్నవి క్లయింట్ నోటితోనే చెప్పించుకోవడం. ఓబులేసు బ్రీఫ్ ఆ ఒక్క బొమ్మ, ఆ ఒక్క వాక్యం. ఆ వాక్యం నేను వేయనని చెప్పేశాను. జొన్నరొట్టె మంచి తిండి, కాదన్నవాళ్ళు లేరు. కానీ తిండి వేరు, మందు వేరు. ఆ ప్యాకెట్‌ను నమ్మి ఒక్క మనిషి మాత్రలు మానేసినా, ఆ అక్షరాలు పేర్చినవాళ్ళు చేతులు దులుపుకోలేరు.

“మేడమ్, మేం అచ్చు అడిగినాం, ఉపన్యాసం అడగలా,” అన్నాడు ఓబులేసు. “అందరూ ఏస్తాండారు.”

“అందరూ వేస్తున్నారు కాబట్టే నేను వేయను.”

వేరే అంగడికి పోదాం పద వదినా అని అతను లేచాడు. ఆమె లేవలేదు. ఆ మాట లేకుండా ప్యాకెట్ ఎట్లుంటాదో చూసినాక పోదాం అంది. దేవుడి బొమ్మ విషయంలో నా అభిప్రాయం నాకుంది. అయితే వాదనలో ఓడినవాడు మనసు మార్చుకోడని సభల్లో శానాసార్లు చూశాను. అందుకే ఆ వాక్యం వదిలేసి, బొమ్మ మాత్రం అతను అడిగినట్టే పెట్టి మాకప్ చేశాను. అచ్చుకు ముందు చేతికిచ్చే నమూనాను మేం మాకప్ అంటాం. నిజమైన పౌచ్ మీద బొమ్మ అతికించి, పిండి నింపి, నేనే వాళ్ళ ఊరికి తీసుకుపోయాను.

మధ్యాహ్నం. రామలక్ష్మమ్మ పొయ్యి మీద పెనం పెట్టింది. ఓబులేసు ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి, కళ్ళకద్దుకుని, బాగుందన్నాడు. నేను కత్తెర అందించి, రొట్టెలకు పిండి కావాలి, తెరవమన్నాను.

అతను పై అంచు దగ్గర కత్తెర పెట్టి ఆగాడు. అక్కడ స్వామి కిరీటం ఉంది. తలకిందులు చేశాడు. అక్కడ పాదాలు. పక్కన చూస్తే శంఖం, ఇంకో పక్కన చక్రం. కత్తెర కింద పెట్టేశాడు.

“ఏమప్పా ఓబులేసూ,” అంది రామలక్ష్మమ్మ నవ్వాపుకుంటూ, “సామిని గోడకు తగిలిద్దాం. పిండి ఇంగో సంచిలో పోసి అమ్ముదాం.”

అతనూ నవ్వేశాడు. నేను వారం రోజులు వాదించినా రాని ఒప్పుకోలు అది. ఖాళీ అయిన సంచి చెత్తలో పడుతుందన్న సంగతి కూడా అతనే అన్నాడు, నేను అనలేదు.

ఇక ముందువైపు ఏం వేయాలి? ఊళ్ళోవాళ్ళు నీ పిండే ఎందుకు కొంటారని ఆమెను అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

“రొట్టె ఇరగదు గదా. పిండి పాతబడితే జిగురు పోతాది, తట్టేటప్పుడే అంచులు చీలతాయి. నేను నిలవ పెట్టను.”

జొన్నరొట్టె తట్టే ప్రతి ఇంట్లోనూ తెలిసిన విషయమే. మా అమ్మ కూడా పిండిని తిట్టుకుంటూ చీలిన అంచులు అతికేది. ఇంత తెలిసిన విషయాన్ని ఏ ప్యాకెట్టూ చెప్పదు. తేదీ వెనకవైపు, మడతలో, చీమ తలంత అక్షరాల్లో దాక్కుంటుంది. ఆ తేదీనే ముందుకు తెచ్చాను. తెల్లటి పౌచ్ మధ్యలో పెద్ద చదరం, అందులో ‘మర పట్టిన రోజు’ అని చేత్తో ముద్ర. కింద ఒక్క వాక్యం: ‘కొత్త పిండి. రొట్టె విరగదు.’

ఓబులేసు గాబరా పడ్డాడు. తేదీ అంత పెద్దగా ఉంటే మిగిలిపోయిన ప్యాకెట్లు యాడ అమ్ముకోవాలన్నాడు. న్యాయమైన భయమే. దానికి జవాబు రామలక్ష్మమ్మే చెప్పింది. అమ్ముడుపోయేంతే మర ఆడిద్దాం, మిగిలితే మనమే తిందాం అంది.

కర్నూలుకు ముగ్గురం పోయాం. అంగడాయన ప్యాకెట్ తిప్పి చూసి, షుగర్ మాట లేదే, ఇప్పుడు జనం దానికోసమే కదా జొన్నలు తినేది అన్నాడు. నేను నోరు తెరిచేలోపే రామలక్ష్మమ్మ అందుకుంది.

“ఆ మాట డాక్టరు చెప్పాల సామీ, నేను గాదు. రొట్టె ఇరిగితే నన్నడుగు.”

ఆయన చదరంలోని తేదీ మీద వేలు పెట్టి చదివాడు. చూద్దాం, ఒక అర ఖాళీ చేయిస్తానన్నాడు.

కొన్నాళ్ళకు ఆయనే నాకు ఫోన్ చేశాడు, ఫిర్యాదుకు. వచ్చినవాళ్ళంతా ప్యాకెట్లు తిరగేసి కొత్త తేదీదే తీసుకుంటున్నారట. అంతటితో ఆగక, పక్క అరలోని గోధుమపిండికీ రాగిపిండికీ తేదీ యాడుందని అడుగుతున్నారట. “ఏం నేర్పించినావమ్మా వీళ్ళకు?” అన్నాడు. మర సంగతి అడిగాను. ఇంకా ఎక్కువ పంపమని ఆమెకు చెప్పానన్నాడు.

ఫోన్ పెట్టేశాక కింద మిషన్ మొదలైంది, టేబుల్ వణికింది. ఆ రోజు నాకు చిరాకు రాలేదు. పని వదిలేయాలన్న ఆలోచన మళ్ళీ రాలేదు. ‘ఇది నిజమని ఎట్లా తెలుసు’ అని సభలో మైకు ముందు అడగాల్సిన ప్రశ్నను పిండి సంచి మీద కూడా అడగవచ్చని, అడిగితే కిరాణా అంగడిలో నిలబడ్డ ఆడవాళ్ళు దాన్ని అందుకుంటారని ఆ ప్యాకెట్ నాకు నేర్పింది. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు వచ్చినా, ఆస్పత్రైనా కోచింగ్ సెంటరైనా, బ్రీఫ్‌లో మొదటి ప్రశ్న ఒకటే: మీరు చెప్పే ఈ మాట అబద్ధమైతే, కొన్నవాళ్ళు దాన్ని ఎట్లా పట్టుకోగలరు? జవాబు చెప్పలేక లేచిపోయినవాళ్ళు ఉన్నారు. చెప్పగలిగినవాళ్ళ పని మాత్రం నేను ఇష్టంగా చేస్తున్నాను.