ముప్పయ్యేళ్లుగా ఎనిమిదేళ్ల పిల్లాడు

మెడలో కంపెనీ కార్డుంటే చాలు, లోకాన్ని సాఫ్ట్‌వేరే నడుపుతోందనుకునే ఐటీ ఊపులో, ఒక పెద్దాయనకు తెలివితక్కువ సలహా ఇచ్చాను. వరసగా తిండి దుకాణాలుండే బెడోక్ హాకర్ సెంటర్‌లో నా ఎదుట కూర్చున్న ఆ జపాన్ ఆయన, కార్టూన్‌లో ఎనిమిదేళ్ల పిల్లాడికి ముప్పయ్యేళ్లుగా గొంతిస్తున్నానన్నాడు.

"ముప్పయ్యేళ్లూ ఒకే పాత్రా? ప్రమోషన్ లేదా అంకుల్? కంప్యూటర్ నేర్చుకోండి," అన్నాను జాలిగా.

"మీ ప్రోగ్రాం ఎన్నాళ్లుంటుంది?"

"ఆర్నెల్లు. తర్వాత కొత్తది రాస్తాం."

"అయ్యో!" నాకంటే ఎక్కువ జాలిపడ్డాడు. "మా దగ్గర పాత్ర ఒకసారి చేతికొస్తే, ఓపికున్నన్నాళ్లూ మాదే. ఇక్కడ నన్నెవరూ గుర్తుపట్టరు కనుక హాయిగా తినొచ్చు," అంటూ నూడుల్స్ గిన్నె దగ్గరకు లాక్కున్నాడు.

పక్క బల్ల దగ్గరి పిల్లలకు ఆయనెవరో చెప్పేశాను.

"అంకుల్, ఆ వాయిస్ చెయ్యండి, ప్లీజ్ లా!" అంటూ అక్కడి యాసలో బతిమాలుతూ చుట్టుముట్టారు. ఆ గొంతులోంచి మాటలు వస్తూనే ఉన్నాయి గానీ, లోపలికి ఒక్క నూడుల్ దిగలేదు.