బల్ల కింద కాలు

ఏళ్ల తరబడి ఒక పెద్దమనిషిని మోస్తున్నాను. వాడు నేనే. మోసి మోసి వాడంటే రోత పుట్టింది. అందుకే మీతో చెబుతున్నాను.

ఉక్కునగరం క్వార్టర్లో ఉంటాం. ప్లాంటులో నాది సేఫ్టీ డ్యూటీ. హెల్మెట్ లేకుండా వచ్చినవాణ్ణి పదిమందిలో నిలబెట్టి చీవాట్లు పెట్టే ఉద్యోగం. మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా, కుదురుగా కూర్చోదని, చెప్పిన పని సగంలో వదిలేస్తుందని టీచరమ్మ పరీక్ష చేయించమంది. అవి కరోనా రోజులు. పిల్లల ఏకాగ్రత పరీక్షించే హైదరాబాదు డాక్టరమ్మ లాప్‌టాప్‌లోనే చూస్తానంది. పిల్ల పక్కన ఎవరూ ఉండొద్దని మరీ మరీ చెప్పింది. అలాగేనండీ అన్నాను. అని, కెమెరాకి కనపడకుండా పక్కనే కుర్చీ వేసుకున్నాను.

తెర మీద మామూలు చేప వస్తే మీట నొక్కాలి. సొరచేప వస్తే నొక్కకుండా ఆగాలి. సొర కనపడగానే బల్ల కింద పిల్ల కాలు తొక్కాను. డాక్టరమ్మ చదివిన అంకెలు వెనక నుంచి తిప్పి చెప్పమంటే వేళ్లతో చూపించాను. ఎందుకు? దాని మేలు కోసమా? ఛీ! గోదావరి నుంచి వచ్చి ఇక్కడ ఇంత పరువు సంపాదించిన నా ఇంట్లో పిల్లకి ఏదో తేడా ఉందట అని కాలనీలో నలుగురూ గుసగుసలాడుకుంటారని, అంతే, అంతకు మించి ఒక్క మంచి కారణం వెతికినా దొరకలేదు. డాక్టరమ్మ ఏ ఇబ్బందీ లేదంది. సిగ్గులేకుండా స్వీట్లు పంచాను.

ఆ తర్వాత? జబ్బు లేదని తేలాక ఇక మిగిలింది పొగరే కదా! బద్ధకం అన్నాను. దున్నపోతు అన్నాను. చెయ్యి కూడా చేసుకున్నాను. తెలియక కాదు, తెలిసే కొట్టాను.

ఇప్పుడు ఎనిమిదో తరగతి. మొన్న లెక్కల పరీక్ష తప్పి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"నాన్నా, సదవాలనే కూకుంటన్నాను. ఎంత సదివినా బుర్రలో ఉండట్లేదు. ఆ డాక్టరమ్మ నాకేటీ లేదంది కదా. మరైతే నాను బద్దకందాన్నేనా?"

"అవును. బుద్ధి పెట్టి చదివితే అదే వస్తుంది," అన్నాను.

నేను కాలు తొక్కిన సంగతి దానికి గుర్తు లేదో, గుర్తుండీ నన్ను నమ్మి అడిగిందో తెలియదు. ఆ ముఖం చూసి కూడా అవునన్నాను. ఎలాంటి మనిషిని నేను?

మళ్లీ పరీక్ష చేయించాలంటే ముందు మొదటిది దొంగదని దానికి చెప్పాలి. దాని ఎదుట నోరు పెగలడం లేదు. మీ ఎదుట పెగిలింది. అమ్మయ్య, అనేస్తున్నాను. మా అమ్మాయి బద్ధకస్తురాలు కాదు. ఆ పరీక్షలో పాసైంది నేను.