ట్రాజెడీకి అర్హులు

సంగారెడ్డి కాలేజీలో మాకు ఇంగ్లిష్ చెప్పిన సారు మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. మెటఫర్, సొలిలక్వీ, ఐరనీ, ఏ మాటకైనా నిర్వచనం చెప్పి రాయించేవాడు. డస్టర్‌తో బల్లను కొట్టి "ఇక చర్చ లేదు" అనేవాడు. మర్నాడు నిలబెట్టి అప్పజెప్పించుకునేవాడు. ఉదాహరణ చెప్పమని ఎవరైనా అడిగితే ఆయనకు మండేది.

ఒకరోజు ట్రాజెడీ దగ్గరికొచ్చాం. రాజో, రాజంతటి గొప్పవాడో పతనమైతేనే ట్రాజెడీ అన్నాడు. పటాన్‌చెరు నుంచి బస్సులో వచ్చే నా స్నేహితురాలు లేచి నిలబడింది.

"మా నాయిన కంపెనీల బాయిలర్ పేలి సచ్చిపోయిండు సార్. గది ట్రాజెడీ కాదా?"

"అది యాక్సిడెంటమ్మా. మీ నాన్న రాజు కాదు కదా. కూర్చో" అన్నాడు సారు. డస్టర్ బల్ల మీద పడింది. సుద్దపొడి లేచి ముందు బెంచీలో ఉన్న మా మొహాల మీద పడింది. ఆమె తుడుచుకోలేదు.

మర్నాడు ఆ నిర్వచనాన్ని ముందుగా ఆమెతోనే అప్పజెప్పించాడు. ఆమె ఒక్క మాట తప్పకుండా చెప్పింది.

మేం ఫైనలియర్‌లో ఉండగా ఆయన రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో శాలువా కప్పించుకుని, మైకు పట్టుకుని గొంతు వణికించాడు.

"ప్రిన్సిపాల్ కాకుండానే వెళ్లిపోతున్నాను. నా జీవితమే ఒక ట్రాజెడీ."

వేదిక మీద లెక్చరర్లు కళ్లు తుడుచుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. పక్కన కూర్చున్న నా స్నేహితురాలు మాత్రం చప్పట్లు ఆగేదాకా ఆగి, మెల్లగా నన్ను అడిగింది.

"గీ సారు ఏ దేశానికి రాజట?"