ఇస్త్రీబల్ల మీద ఫోను

ఆ నాటక సమాజంలో వేషాలు కట్టేవాళ్లు వస్తుంటారు, పోతుంటారు. వాళ్ల బట్టలకు ఇస్త్రీ చేసే మనిషి మాత్రం ఎప్పుడూ ఆయనే. ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ మడతలాయనే. అంగరఖా మడత కాస్త అటూ ఇటూ అయితే రాజు వేషం కట్టినవాణ్ణయినా సరే, రంగస్థలం మెట్ల దగ్గర ఆపి విప్పించేవాడు. "కిరీటం వంకరైనా జనం ఊరుకుంటారు గానీ మడత వంకరైతే ఊరుకోరు" అనేవాడు. జనం అంత పట్టించుకుంటారని ఆయన తప్ప ఎవరూ అనుకోలేదు.

పని నేర్పింది అక్క. తల్లి పోయేనాటికి ఆయన ఇంకా బడి మొహం చూడని పిల్లవాడు. ఆవిడ వీధిలోవాళ్ల బట్టలు తెచ్చి ఇస్త్రీ చేసి తమ్ముణ్ణి పెంచింది. పెళ్లయ్యాక కూడా ఇస్త్రీబల్లనూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకునే కాపురానికి వెళ్లింది. బావ మంచివాడు కనుక రెండింటినీ భరించాడు. ఒకరోజు తమ్ముడు ఇస్త్రీ పెట్టె ఆపకుండా ఆటకు పోతే ఎవరిదో పట్టుచీర మాడి మసయింది. అక్క కొట్టలేదు. "అన్నం తినడం మరిచిపోయినా ఫరవాలేదురా. స్విచ్ ఆపకుండా మాత్రం గడప దాటకు" అంది. కొడితే ఎప్పుడో మరిచిపోయేవాడేమో, ఆ మాట మాత్రం ఒంట్లో ఇంకిపోయింది. బయటికి వెళ్లేముందు ఆయన చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోయేది. తన గదిలోదే కాదు, పక్కగదిలోది కూడా. ఫ్యాను కింద హాయిగా పడుకున్నవాళ్లు చెమటలు కారుతూ లేచి ఆయన్ని తిట్టుకోవడం సమాజంలో మామూలే.

సమాజానికి పరాయిదేశంలో ప్రదర్శనలు కుదిరేసరికి అక్క మంచంలో ఉంది. వెళ్లనంటే వెళ్లనని భీష్మించుకున్నాడు.

"నువ్వు పక్కన కూచుంటే లేచి గంతులేస్తానా ఏంటి?" అని కసిరింది అక్క. "మన ఇంటావంటా ఎవరైనా విమానం ఎక్కారా? వెళ్లు. రోజూ ఫోన్‌లో మాట్లాడు, అది చాలు నాకు."

వెళ్లాడు. అక్కడి గోడలకున్న కన్నాల్లో తన ఛార్జరు కాళ్లు దూరలేదు. మేకప్ అమ్మాయి తన దగ్గర అదనంగా ఉన్న అడాప్టరు తెచ్చి గోడకు గుచ్చి, "ఇక పెట్టుకో బాబాయ్" అంది. ఆ ఫోను తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు. ఎంత ఛార్జింగు మేపినా పూట గడిస్తే నీరసపడేది.

హోటలు గదికి తాళంచెవి లేదు, కార్డు ఇచ్చారు. లోపలికి రాగానే దాన్ని తలుపు పక్కనున్న చీలికలో పెడితేనే గదికి కరెంటు. తీస్తే అంతా ఆరిపోతుంది. ఆయనకు ఆ ఏర్పాటు తెగ నచ్చేసింది. "గది మొత్తానికి ఒకటే స్విచ్! వీళ్లెవరో మా అక్క దగ్గర పెరిగినట్టున్నారు" అని అందరికీ చెప్పుకు తిరిగాడు.

రోజూ నాటకశాలలో బట్టల పని మొదలుపెట్టే ముందు, అక్కడి వైఫై పట్టుకుని ఇస్త్రీబల్ల మీద ఫోను నిలబెట్టేవాడు. అటుపక్క మేనకోడలు ఫోను తల్లి ముందు పెట్టేది. మాటలు తక్కువే. తడిగుడ్డ మీద పెట్టె ఆనించగానే చుయ్‌మని చప్పుడయ్యేది. "బాగా కాలిందిరా, తగ్గించు" అనేది అక్క, అంత దూరం నుంచీ. తగ్గించేవాడు.

చివరి ప్రదర్శన నాటి ఉదయం ఆయన ఇంకా గదిలో ఉండగానే మేనకోడలు ఫోన్ చేసింది. వీడియోలో అక్క కళ్లు మూసుకుని ఎగశ్వాస తీస్తోంది.

"మామయ్యా, డాక్టరుగారు ఆశ పెట్టుకోవద్దన్నారు. మందు వేశాక కాసేపు తెలివి వస్తుందట. నిన్నే అడుగుతోంది. అప్పుడు మళ్లీ చేస్తా. ఎత్తు మామయ్యా, ఎక్కడున్నా ఎత్తు."

అక్క ముఖం చూస్తూ చాలాసేపు ఫోను వదల్లేదు. ఛార్జింగు అడుగంటింది. కింద వ్యాను వచ్చింది, బట్టల పెట్టెలు ఎక్కించాలి. ఈలోగా ఎంత ఎక్కితే అంతేనని ఫోను గోడకు తగిలించి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ కార్డు తీశాడు. తీసిన సంగతి చెయ్యికే తెలుసు, ఆయనకు తెలియదు.

పెట్టెలు ఎక్కించి, మేనేజరు కేకలకు ఉరుకుతూ వచ్చి, పగటి వెలుతుర్లోనే ఫోను పీకి జేబులో వేసుకుని పరుగెత్తాడు. ఛార్జరు గోడకే ఉండిపోయింది.

నాటకశాలలో బల్ల మీద ఫోను నిలబెట్టాడు. వెలగలేదు. బటను నొక్కాడు, అరచేత్తో తట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది, జేబులో ఉన్న కార్డు. అక్కడే కూలబడ్డాడు.

అందరి వైర్లూ తెప్పించి చూశారు. ఆ పాత ఫోనులో ఒక్కటీ దూరలేదు.

"నెంబరు చెప్పు బాబాయ్, నా ఫోన్‌లోంచి చేద్దాం" అంది మేకప్ అమ్మాయి.

ఫోనులో 'అక్క' అని ఉంటే నొక్కడమే గానీ అందులో అంకెలుంటాయని ఆయన ఏనాడూ చూసుకోలేదు. హోటలేమో ఊరికి ఆ చివర. బట్టలన్నీ పెట్టెల్లో నలిగి ఉన్నాయి, వేషాలవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఏడ్చాడు. ఏడుస్తూనే ఇస్త్రీ చేశాడు.

పగటి ఆట ముగిశాక సాయంత్రం గదికొచ్చి కార్డు పెట్టి ఛార్జరు గుచ్చాడు. ఫోను లేచేదాకా దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లేచింది. అన్నీ మేనకోడలు చేసిన కాల్సే. నొక్కాడు.

"అమ్మ పోయింది మామయ్యా."

"నన్నడిగిందా?"

"అడిగింది. నీ ఫోన్ కలవలేదు. ఆ మాట చెప్పలేకపోయాను మామయ్యా. ఫోన్ చెవి దగ్గర పెట్టి, లైన్లో ఉన్నాడమ్మా మాట్లాడు అన్నాను. తప్పయితే నన్ను తిట్టు."

"మాట్లాడిందా?"

"చాలాసేపు. గొంతు రావట్లేదు, నాకొక్క ముక్కా అర్థం కాలేదు. మధ్యమధ్యలో ఆగేది. నువ్వేదో చెప్తున్నట్టు ఊఁ కొట్టేది. ఒకసారి నవ్వింది కూడా." కాసేపు ఏడుపు వినిపించింది. "చివర్న ఒక్కమాట మాత్రం బాగా వినపడింది. 'సరేరా, ఉంటా మరి. నీకవతల పనుంటుంది' అంది."