తాళాల గుత్తికి కట్టిన పేరు

"గుత్తి నడుముకే ఉన్నదా, సత్తెమ్మా?"

"ఉన్నది సిస్టరమ్మా. నువ్వు పైలం."

రెండేళ్ల కింద నల్గొండ బస్టాండులో సుల్తానా సిస్టరూ నేనూ అనుకున్న ఆఖరి మాటలివి. నెల తిరగకుండానే ఆమె కన్నుమూసింది. ఇవాళ పొద్దున నా మొలలో తాళాలు గల్లుమనగానే ఆమె పక్కన నిలబడినట్టే అనిపించింది. ఉండబట్టలేక మనవరాలిని కూర్చోబెట్టి చెబుతున్నాను. తొందరగా రాయి బిడ్డా!

నా భర్త పోయిన ఏడాదే నాకు ఫిట్స్ మొదలయ్యాయి. పడిపోతే చాలు, వాడకట్టువాళ్లు ఉరికొచ్చి నా చేతిలో ఇనుప తాళాలు కుక్కేవారు. మా మండలం దవాఖానలో నర్సు సుల్తానా సిస్టరు. ఆమే నన్ను పెద్ద డాక్టరుకు చూపించి గోలీలు మొదలుపెట్టించింది. ఫిట్స్ ఆగాయి. కానీ రోజూ గోలీ మింగుతున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. జబ్బు ఇంకా పోలేదని తెలిస్తే పత్తి చేలో కూలికి పిలవరని భయం.

ఒకసారి దగ్గు పట్టుకుంటే నార్కట్‌పల్లిలో వేరే డాక్టరు దగ్గరికి పోయాను. వేరే మందులేమైనా వాడుతున్నావా అని ఆయన అడిగాడు. పక్కన మా ఊరి ఆడవాళ్లున్నారు. "ఏం లేవు సారూ" అనేశాను. ఆయనిచ్చిన గోలీలు మూడు రోజులు మింగేసరికి ఒక్క మనిషి ఇద్దరుగా కనబడ్డాడు. తూలుతూ పోతుంటే పక్కింటి యాదమ్మ నవ్వింది. "ఏందక్కా, పొద్దుగాల్నే కల్లు తాగినవా?"

సిస్టరు దగ్గరికి పోయి, "రెండు గోలీలూ పారేస్త" అన్నాను.

"ఫిట్స్ గోలీ ఒక్కసారే బంద్ చేస్తే పాణం మీదికొస్తది! గీ దగ్గు గోలీ దాంతోని కలిసే ఫిట్స్ మందు నీ ఒంట్ల ఎక్కువైంది, గందుకే తూలుతున్నవ్. జర కూసో."

అప్పటికప్పుడు డాక్టరుకు చూపించి దగ్గు మందు మార్పించింది. తర్వాత నా తాళాలు చేతిలోకి తీసుకుంది.

"ఇనుముతోని ఫిట్స్ ఆగవు. పడితే పక్కకు ఒత్తిగిలి పండవెట్టాలె, నోట్ల ఏం పెట్టద్దు. గని తాళాలు తీసెయ్యకు."

"ఆగకపోతే ఎందుకమ్మా?"

"నువ్వు పడితే అందరు ఉరికేది వీటికే గదా! గోలీ పేరు వీటికే కడ్తం."

చీటీ మీద గోలీ పేరు రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి గుత్తికి కట్టింది. అంతటితో విడిచిందా! నా పేరే సరిగ్గా రాయలేని నా చేత ఆ పేరు పలక మీద రోజూ దిద్దించింది.

నిరుడు జ్వరమొచ్చి నల్గొండ పోయాను. కొత్త డాక్టరు మందులు రాస్తుండగానే గుత్తి విప్పి బల్ల మీద గల్లున పెట్టాను. "సారూ, ముందుగాల గిది చూడున్రి! దీంతోని పడేదే రాయున్రి!" అక్కడ మా ఊరివాళ్లూ ఉన్నారు. ఉండనీ! ఆయన చీటీ చదివి, రాసిన మందు కొట్టేసి వేరేది రాశాడు. బయటికి రాగానే, తోడొచ్చిన యాదమ్మ నా కొంగు పట్టుకుంది. "అక్కా, నా బీపీ గోలీ పేరు గూడ గిట్లనే కట్టియ్యవా?" సంతోషం పట్టలేక సిస్టరుకు చెబుదామని ఫోను తీశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆమె లేదని.

కూలికి ఇప్పటికీ పిలుస్తూనే ఉన్నారు. చేలోకి పోయినా గుత్తి నా నడుముకే.

బిడ్డా, కింద జర జాగా విడువు. కలం ఇటివ్వు, గోలీ పేరు నేనే రాస్తాను.

కార్బమజెపిన్.

ఇక మొదటి నుంచి చదువు, వింటాను.